పరదేశి, ప్రవిష్టుడు : యూదుల ధర్మశాస్త్రమున వివాహార్హతా విచారము

తెలుగు బైబిలును శబ్దార్థదృష్టితో చదువువారికి ఒక విశేషము గోచరించును. పాతనిబంధనమునందలి ‘గేర్’ అను హీబ్రూ పదమునకు మన అనువాదకులు ‘పరదేశి’ అను మాటను వాడిరి. క్రొత్తనిబంధనమున, అపొస్తలుల కార్యములలో, యెరూషలేమునకు వచ్చిన యాత్రికులను పేర్కొనుచోట ‘యూదమతప్రవిష్టులు’ అను సమాసము కనబడుచున్నది. దీని గ్రీకు మూలము ‘ప్రొసేలుతోస్’. అలెగ్జాండ్రియా నగరమున క్రీ.పూ. 3వ శతాబ్ది మొదలుకొని సాగిన గ్రీకు అనువాదమున ‘గేర్’ శబ్దమునకు తరచుగా వాడబడిన పదము ఇదియే. కావున మన భాషలో రెండు వేరు మాటలుగా నిలిచినవి మూలమున ఒకే శబ్దముయొక్క రెండు దశలు. మొదటి దశలో అది అన్యజాతిలో పుట్టి ఇశ్రాయేలీయుల నడుమ నివసించువానిని తెలుపుచుండెను. రెండవ దశలో వారి ధర్మమును స్వీకరించి ఆ జనములో చేరినవానిని తెలుపజొచ్చెను.

పొరుగున నుండువాడు ఇంటివాడు ఎప్పుడగును? ప్రార్థనామందిరమున చోటు దొరకినవానికి పెండ్లిపందిటిలోను చోటు దొరకునా? ధర్మమును స్వీకరించుటయు, బాంధవ్యమును పొందుటయు ఒకటియేనా? ఈ ప్రశ్నలకు యూదుల శాస్త్రజ్ఞులు రెండువేల సంవత్సరములకు పైగా సమాధానములు చెప్పుచు వచ్చిరి. ఆ సమాధానముల క్రమమును చూపి, వానికిని సమాజాచారమునకును గల వ్యత్యాసమును మన దేశమునందలి కొచ్చిన్ యూదుల చరిత్రయందు పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. శాస్త్రము కాలక్రమమున ప్రవిష్టుని జన్మవిచారమును తగ్గించుచు పోయినదనియు, ఆచారము దానిని మరల మరల పైకి తెచ్చినదనియు చూపుటకు యత్నించెదను.

తోరాయందు పరదేశిని గూర్చిన విధులు రెండు తెరగులుగ నున్నవి. పరదేశిని బాధింపరాదనియు, ప్రేమింపవలెననియు ఒకవైపున ఆజ్ఞలు కలవు. ఇశ్రాయేలీయులే ఒకప్పుడు ఐగుప్తున పరదేశులై యుండిరనునది అందులకు చెప్పబడిన హేతువు. వేరొకవైపున ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయము కనాను దేశమునందలి ఏడు జనములతో వివాహసంబంధమును నిషేధించుచున్నది. ఆ గ్రంథమే 23వ అధ్యాయమున, అమ్మోనీయులును మోయాబీయులును పదవ తరమునకైనను సమాజమున చేరరాదనియు, ఎదోమీయులకును ఐగుప్తీయులకును మూడవ తరమున ప్రవేశము కలదనియు విధించుచున్నది. ఇచ్చట ‘సమాజమున చేరుట’ యనగా ఆ జనములో వివాహమాడుటకు అర్హత పొందుట యని తరువాతి శాస్త్రజ్ఞులు అర్థము చెప్పిరి. మన చర్చకంతకును ఈ అర్థనిర్ణయమే ఆధారము.

ఈ నిషేధమునకు ఎదురుగా రూతు కథ నిలిచి యున్నది. ఆమె మోయాబీయురాలు, వితంతువై, అత్తను విడువజాలక బెత్లెహేమునకు వచ్చి, బోయజును వివాహమాడెను. దావీదు ఆమెకు మునిమనుమడు. క్రీ.పూ. 5వ శతాబ్దిలో ఇందుకు విరుద్ధమైన సంఘటన జరిగినది. బబులోను చెరనుండి మరలివచ్చినవారు అన్యజాతి స్త్రీలను పెండ్లాడిరని తెలిసి, ఎజ్రా ఆ భార్యలను, వారి బిడ్డలను విడిచిపెట్టునట్లు జనులచేత ప్రమాణము చేయించెను. ఆ స్త్రీలు ధర్మమును స్వీకరించి తమ యిండ్లలోనే నిలువవచ్చునన్న ప్రస్తావన ఎజ్రా గ్రంథమున లేదు. మతప్రవేశమునకు విధియుక్తమైన పద్ధతి అప్పటికి స్థిరపడి యుండలేదని దీనివలన ఊహింపవచ్చును. రూతు తన మాటచేతను, నడవడిచేతను ఆ జనములో చేరినది. ఆమెకు ఏ సంస్కారమును జరిగినట్లు గ్రంథము చెప్పదు.

సంస్కారమును, దాని ఫలమును శాస్త్రముగ ఏర్పరచినవారు రబ్బీలు. వారి ధర్మనిర్ణయములు క్రీ.శ. 200 ప్రాంతమున మిష్నా యను సంహితగా కూర్పబడెను. అందు ‘యెవామోత్’ అను ప్రకరణము మోయాబు నిషేధమును తీసికొని, అది పురుషులకే గాని స్త్రీలకు వర్తింపదని నిర్ణయించినది. మూలమునందలి పదము పుంలింగమున నుండుట ఒక ఆధారము. తాల్ముద్ వేరొక హేతువును చర్చించినది: అరణ్యమార్గమున వచ్చుచున్న ఇశ్రాయేలీయులకు అన్నపానములతో ఎదురు వెళ్లలేదనునది ఆ జనములపై మోపబడిన దోషము గదా, ఎదురు వెళ్లుట పురుషుల పనియే గాని స్త్రీల పని కాదు. ఈ తర్కము నేడు మనకు చమత్కారముగ తోచవచ్చును. కాని దాని ఫలము చిన్నది కాదు. రూతు వివాహమును, దావీదు వంశగౌరవమును దానిపై ఆధారపడి యున్నవి.

స్త్రీలకు ఇట్లు తెరవబడిన ద్వారము పురుషులకు మరియొక విధమున తెరవబడెను. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము నాశనమైన పిదప విద్యాపీఠము యబ్నె పట్టణమున నెలకొనెను. యూదా అను పేరుగల అమ్మోనీయ ప్రవిష్టుడొకడు అచ్చటి విద్వత్సభకు వచ్చి, సమాజమున చేరుటకు తనకు అర్హత కలదా యని అడిగెనని మిష్నా చెప్పుచున్నది. రబ్బన్ గమలీయేలు లేదనెను. రబ్బీ యెహోషువ కలదనెను. అష్షూరు రాజైన సన్హెరీబు జనములనన్నిటిని స్థానభ్రష్టులను గావించి కలగలిపెను. కావున అమ్మోను దేశమునుండి వచ్చినవాడు పూర్వపు అమ్మోనీయుడే యని ఎవరును చెప్పజాలరని ఆయన వాదము. అమ్మోనీయులు మరల తమ దేశమున నెలకొందురన్న యిర్మీయా ప్రవచనమును గమలీయేలు ఎత్తిచూపెను. ఇశ్రాయేలీయులు మరలి వత్తురని ఆమోసు చెప్పిన మాటయు అట్టిదే గదా, అది యింకను నెరవేరలేదు గదా యని యెహోషువ ప్రత్యుత్తర మిచ్చెను. సభ అతనికి అర్హత కలదని తీర్పు చెప్పెను.

ఈ తీర్పున నిషేధవాక్యము రద్దు చేయబడలేదు. అది యెవరికి వర్తించునో వారిని గుర్తింప వీలుకాదని మాత్రము చెప్పబడినది. శాస్త్రవాక్యము చెక్కుచెదరక నిలిచినది, దాని బాధ మాత్రము తొలగినది. 12వ శతాబ్దిలో మైమొనిడీసు పండితుడు తన ధర్మసంహితయందు ఈ న్యాయమును విస్తరించి, ఏ జాతినుండి వచ్చిన ప్రవిష్టుడైనను, స్త్రీయైనను పురుషుడైనను, వెంటనే వివాహార్హత గలవారే యని వ్రాసెను.

అట్లని రబ్బీల ధర్మశాస్త్రమున వంశతారతమ్యము లేదనుట సత్యదూరము. మిష్నాయందలి ‘కిద్దుషీన్’ ప్రకరణము బబులోనునుండి వచ్చిన పది వంశశ్రేణులను లెక్కించినది. యాజకులు, లేవీయులు, సామాన్య ఇశ్రాయేలీయులు ముందు వరుసలో నున్నారు. ప్రవిష్టులును, విముక్తులైన దాసులును నడుమ నున్నారు. తెలుగు బైబిలు ‘కుండుడు’ అని వ్యవహరించు నిషిద్ధసంబంధజాతుడును, తండ్రి యెవరో తెలియనివాడును, దొరకిన బిడ్డయు చివర నున్నారు. ప్రవిష్టుడు సామాన్య ఇశ్రాయేలీయులతోను లేవీయులతోను వివాహమాడవచ్చును. సామాన్య ఇశ్రాయేలీయునికి నిషిద్ధమైన కుండవంశముతో కూడ అతడు సంబంధము చేయవచ్చును. ఈ రెండవ అనుమతి గౌరవచిహ్నము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. యాజకుడు మాత్రము ప్రవిష్టురాలిని పెండ్లాడరాదు. ఈ నియమము నేటికిని సంప్రదాయవాదులచే పాటింపబడుచున్నది. ప్రవిష్టుల కుమార్తెను యాజకుడు వివాహమాడవచ్చునా యను విషయమున రబ్బీ యూదా, రబ్బీ ఎలియెజెరు బెన్ యాకోబు, రబ్బీ యోసే అను మువ్వురు మూడు విధములుగ చెప్పిరి. మొదటివాడు తండ్రి ప్రవిష్టుడైన కన్యను నిషేధించెను. రెండవవాడు తల్లిదండ్రులలో ఒకరు పుట్టుకచే ఇశ్రాయేలీయులైన చాలుననెను. మూడవవాడు ఇరువురును ప్రవిష్టులైనను దోషము లేదనెను. ప్రవిష్టుడు ఎన్ని తరములకు ‘క్రొత్తవాడు’ కాకుండ పోవును అను ప్రశ్నకు ఈ మూడును మూడు సమాధానములు.

ఇక సంస్కారవిధానము. తాల్ముదునందలి వర్ణన యిట్టిది. మతమున చేరవచ్చినవానిని మొదట అడుగవలసినది: ఈ జనము నేడు పీడితమై, నిరాకృతమై యున్నదని నీ వెరుగుదువా? ఎరుగుదునని, అయినను దానికి తాను తగనని అతడు పలికినచో వెంటనే స్వీకరింపవలెను. తేలికయైన విధులు కొన్ని, కఠినమైనవి కొన్ని అతనికి తెలుపవలెను. అతనితో మిక్కిలి దీర్ఘముగ వాదింపరాదు. పురుషునకు సున్నతి, గాయము మానిన పిదప స్నానము. స్త్రీకి స్నానము మాత్రమే. తోడి స్త్రీలు ఆమెను మెడలోతు నీట కూర్చుండబెట్టగా, పండితులు వెలుపల నిలిచి విధులను వినిపింతురు. నీటినుండి వెలువడినవాడు సర్వవిషయములందును ఇశ్రాయేలీయుడే యని నిర్ణయము.

వివాహమునకై మతమున చేరువారి మాట యేమి? అన్యజాతి స్త్రీతో సంబంధము కలదని అపవాదు పొందినవాడు, ఆమె తరువాత మతమున చేరినను, ఆమెను పెండ్లాడరాదని మిష్నా విధించినది. అయితే పెండ్లాడినచో వారిని విడదీయరాదనియు ఆ వాక్యముననే చేర్చినది. ప్రేమకొరకు, పదవికొరకు, భయముచేత చేరినవారు ప్రవిష్టులు కారని రబ్బీ నెహెమ్యా వాదించెను. వారందరును ప్రవిష్టులే యన్న రవ్ పక్షమును తాల్ముద్ సిద్ధాంతముగ స్వీకరించెను. ముందుగ ఉద్దేశమును పరీక్షింపవలయును. జరిగిపోయిన పిదప సంస్కారమును కాదనరాదు. ఈ రెండంచుల న్యాయమే నేటివరకు ధర్మాధికారులను చిక్కులలో పడవేయుచున్నది.

ప్రవిష్టుడు అప్పుడే పుట్టిన శిశువువంటివాడు అను న్యాయము తాల్ముదున పలుమార్లు వచ్చుచున్నది. దీనిని యథాతథముగ అన్వయించినచో అతనికి పూర్వబంధువులు లేరు; తన తోబుట్టువును వివాహమాడినను దోషము లేకుండ పోవలెను. అట్టి విపరీతము కలుగకుండ పండితులు దానిని నిషేధించిరి; అధికపవిత్రతను విడిచి అల్పపవిత్రతకు వచ్చితినని ప్రవిష్టుడు పలుకరాదనునది హేతువు. మన ధర్మశాస్త్రమున దత్తపుత్రుని స్థితితో దీనిని పోల్చి చూడవచ్చును. దత్తుడు జనకగోత్రమును విడిచి గ్రహీతగోత్రమును పొందును. అయినను జనకకులమునందలి సపిండలతో వివాహము అతనికి నిషిద్ధమే. రెండు శాస్త్రములును క్రొత్త జన్మమును అంగీకరించినవి; రెండును పాత రక్తమును పూర్తిగ మరువలేదు. భేద మేమనగా, దత్తుడు ఒక కుటుంబమున చేరును. ప్రవిష్టుడు ఒక జనమునందే చేరును.

ఆ జనమునకు పితరులైనవారు ప్రవిష్టునికి పితరు లగుదురా? ప్రథమఫలముల నర్పించుచోట ‘మా పితరులకు’ అను మాటను ప్రవిష్టుడు పలుకరాదని మిష్నా చెప్పినది. పాలస్తీనా తాల్ముదున రబ్బీ యూదా దీనిని ఖండించి, అబ్రాహాము అనేక జనములకు తండ్రి గనుక పలుకవచ్చుననెను. ఓబద్యా అను ప్రవిష్టుడు ఈ సందేహమునే మైమొనిడీసునకు వ్రాయగా, ఆయన రెండవ పక్షమును స్థిరపరచి, నీకును మాకును ఏ భేదమును లేదని ధైర్యము చెప్పుచు లేఖ వ్రాసెను. ప్రవిష్టుని ఓదార్చుటకై వ్రాయబడిన ఆ లేఖ శాస్త్రనిర్ణయముగ కూడ నిలిచినది.

ప్రవిష్టులయెడ సమాజము చూపిన సంకోచమునకు బాహ్యకారణములును కలవు. రోమను చక్రవర్తులు క్రైస్తవులైన పిదప, క్రీ.శ. 388లో యూద–క్రైస్తవ వివాహమును వ్యభిచారముతో సమానమైన నేరముగ శాసించిరి. ఇట్టి రాజ్యములలో ఒక క్రైస్తవుని మతమున చేర్చుకొనుట సమాజమునకంతకును ప్రాణాపాయమే. భయమున పుట్టిన జాగరూకత తరతరములకు ఆచారమై, ఆచారము శాస్త్రమువలె గౌరవము పొందుట చరిత్రలో అరుదు కాదు. అయితే అట్టి రాజశాసనభయము లేనిచోట ఆచార మెట్లుండెను? ఈ ప్రశ్నకు మన దేశమే సాక్ష్య మిచ్చుచున్నది.

కేరళతీరమున యూదుల నివాసము ప్రాచీనమైనది. క్రీ.శ. 1000 ప్రాంతమున భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనువానికి ఇచ్చిన తామ్రశాసనము ప్రసిద్ధము. 1492లో స్పెయిన్‌నుండి వెడలగొట్టబడిన పిదప పశ్చిమమునుండి వచ్చిన యూదులు కొచ్చిన్‌లో స్థిరపడి, 1568లో మట్టాంచేరియందు తమ ప్రార్థనామందిరమును నిర్మించుకొనిరి. వీరికి ‘పరదేశి’ యూదులని పేరు. పూర్వమునుండి యున్నవారు మలబారీ యూదులు. వీరుగాక, యూదగృహములలో దాసులుగ నుండి విడుదల పొందినవారి సంతతి ‘మెషుహ్రారీమ్’ అనబడెను. విముక్తులని ఆ పదమునకు అర్థము.

విముక్తులను గూర్చి శాస్త్రము స్పష్టముగ నున్నది. యూదగృహమున చేరిన అన్యజాతి దాసునకు సున్నతియు స్నానమును జరుపుదురు. విధులలో కొన్నిటికి అతడు బద్ధుడగును. యజమాని విమోచనపత్రము నిచ్చి, రెండవ పర్యాయము స్నానము జరిగినచో, అతడు పూర్ణుడైన ఇశ్రాయేలీయుడగును; యూదకన్యను వివాహమాడవచ్చును. కావున వివాదమంతయు వాస్తవవిషయమును గూర్చినదే: పత్రము ఇయ్యబడినదా? స్నానము జరిగినదా?

16వ శతాబ్దిలో కొచ్చిన్‌నుండి ఈ విషయమున ఐగుప్తునందలి ధర్మాధికారి రబ్బీ దావీదు ఇబ్న్ అబీ జిమ్రాకు ప్రశ్న పంపబడెను. ఆ నగరమున సుమారు 900 గృహస్థు లుండిరనియు, వారిలో 100 మంది తామే సద్వంశజులమని చెప్పుకొని, తక్కినవారిని దాసులని పిలుచుచు, వారితో సంబంధము చేయక యుండిరనియు, ఆ తక్కినవారు ధనవంతులును ధర్మనిష్ఠులును అయి యుండిరనియు ప్రశ్నలో కలదు. సందేహనివృత్తికై ధర్మసభ యెదుట స్నానము జరిపినచో వారితో వివాహము చేయవచ్చునని ఆయన తీర్పు సారాంశము. తరువాత ఐగుప్తునందే రబ్బీ యాకోబు కాస్త్రో కూడ వివాహానుకూలముగనే సమాధాన మిచ్చెను. కొచ్చిన్‌లో ఈ తీర్పులు ఆచరణకు రాలేదు. ఒక్క స్నానముతో తీరవలసిన భేదము నాలుగు శతాబ్దులు నిలిచెను.

పరదేశి మందిరమున విముక్తుల సంతతివారు లోపలి ఆసనములపై కూర్చుండుటకును, తోరా పఠనమునకు పిలువబడుటకును నోచుకొనలేదు. 20వ శతాబ్దిలో వారి వంశమున పుట్టిన అబ్రహాం బరాక్ సేలం (1882–1967) అను న్యాయవాది ఈ భేదమును ప్రతిఘటించెను. ఆయన గాంధీమహాత్ముని సత్యాగ్రహమార్గమును మందిరద్వారమునకు తెచ్చెను. క్రమముగ పఠనహక్కును ఆసనహక్కును లభించినవి. వివాహనిషేధము మాత్రము చివరివరకు నిలిచినది. 1950లో ఆయన కుమారునికిని పరదేశి కుటుంబమునందలి కన్యకును వివాహము జరిగినప్పుడుగాని ఆ కట్టు తెగలేదు. కొలది సంవత్సరములలోనే కొచ్చిన్ యూదులలో పెక్కుమంది ఇశ్రాయేలునకు తరలిపోయిరి. ద్వారము తెరచుకొనునప్పటికి ఇల్లే ఖాళీ యగుచుండెను.

ఇచ్చట శబ్దచరిత్ర మరల మన దృష్టి నాకర్షించును. మన బైబిలు భాషలో ‘పరదేశి’ యనగా ‘గేర్’. ఎవనిని బాధింపరాదని తోరా ఆజ్ఞాపించెనో అతడు. కొచ్చిన్‌లో ఆ పేరే వహించినవారు, శాస్త్రప్రకారము ‘గేర్’ కోటిలో చేరవలసిన విముక్తులను దూరముగ నుంచిరి. పరదేశులై వచ్చి ఆశ్రయము పొందినవారికి ఆ మాటయొక్క పాత అర్థము గుర్తు రాలేదు. దీనిని కేరళసమాజమునందలి కులాచారప్రభావముగ పెక్కుమంది వివరించిరి. అది కొంతవరకు సత్యమే. కాని పూర్తి సమాధానము కాదు. కులవ్యవస్థ లేని దేశములలోను ఇట్టి కట్టుబాట్లు పుట్టినవి. 1927లో బ్యూనస్ ఐరిస్ నగరమున సిరియా యూదుల రబ్బీ ఆ దేశమున ప్రవిష్టులను స్వీకరింపరాదని నిషేధము ప్రకటించెను. 1935లో న్యూయార్కునందలి బ్రూక్లిన్‌లో సిరియా యూదుల రబ్బీలు వివాహార్థమైన మతప్రవేశములు నిరర్థకములని శాసించి, అట్టివారితో సంబంధములను నిషేధించిరి. చిన్న సమాజము కరగిపోవునను భయమే ఈ కట్టుబాట్లకు మూలము. ఆ భయము నిరాధారము కాదు. అయితే రవ్ పక్షమును సిద్ధాంతముగ గ్రహించిన తాల్ముదు తీర్పు వీనిచే మూలకు నెట్టబడిన మాటయు నిజమే.

1953 నాటి చట్టముచే ఇశ్రాయేలున యూదుల వివాహవిచ్ఛేదములు రబ్బీల న్యాయస్థానములకు అప్పగింపబడెను. కొంకణతీరమునుండి వెళ్లిన బెనె ఇశ్రాయేలీయులకు అచ్చట ఈ సమస్య ఎదురైనది. వారు యూదులే యని ప్రధాన ధర్మపీఠము 1961లో అంగీకరించినను, 1962లో, వివాహమునకు ముందు వారి మాతృవంశమును సాధ్యమైనంత వెనుకకు విచారింపవలెనని ఆదేశించెను. యుద్ధమునకు పనికివచ్చినవారము పెండ్లికి పనికిరామా యను ఆవేదన వారిలో పెరిగి, 1964లో యెరూషలేమున సత్యాగ్రహముగ మారెను. ఆ సంవత్సరము ఆగస్టులో శాసనసభ ప్రత్యేకముగ సమావేశమై, వారు సర్వవిషయములందును యూదులేనని తీర్మానించెను. పిమ్మట ధర్మపీఠము ఆ ఆదేశమునుండి వారి పేరును తొలగించి, సందేహాస్పదులైన ఎవరికైనను వర్తించునట్లు మార్చెను. 1970లో సవరింపబడిన పునరాగమన చట్టము యూదతల్లికి పుట్టినవానిని గాని, మతమున చేరినవానిని గాని యూదునిగ నిర్వచించినది. 2021లో ఇశ్రాయేలు సర్వోన్నత న్యాయస్థానము, సంస్కరణవాదులచే ఆ దేశముననే చేర్చుకొనబడినవారికిని పౌరసత్వమునకై గుర్తింపు నిచ్చెను. ఆ తీర్పు వివాహాధికారమును మార్చలేదు. పౌరత్వద్వారము వేరు, వివాహద్వారము వేరు.

ఈ చరిత్రకు తెలుగుదేశముతో ఒక సంబంధము ఏర్పడినది. గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతమున మాదిగ కుటుంబములు కొన్ని 1980 దశకాంతము మొదలు తాము ఎఫ్రాయీము గోత్రజులమని ప్రకటించి, విశ్రాంతిదినాచారమును, హీబ్రూ ప్రార్థనలను అవలంబించినవి. ఈశాన్యమునందలి మిజోరం, మణిపురములలో బెనె మెనష్షే వర్గమును 2005లో ఇశ్రాయేలు సెఫర్దీ ప్రధాన రబ్బీ ప్రాచీన ఇశ్రాయేలు సంతతిగ గుర్తించెను. అయినను విధియుక్తమైన మతప్రవేశము తప్పనిసరి యనెను. వంశము అంగీకరింపబడినను స్నానము కావలసివచ్చినది. కొచ్చిన్‌లో స్నానము చాలునని శాస్త్రము చెప్పినను వంశము అడ్డు వచ్చినది.

ఈ రెండు దృష్టాంతములును పరస్పరవిరుద్ధములుగ తోచును గాని, రెండింటను ప్రశ్న యొకటియే: సందేహము కలిగినప్పుడు నిరూపణభారము ఎవరిది? యబ్నె సభలో రబ్బీ యెహోషువ ఆ భారమును అడిగినవానిపై మోపలేదు. అమ్మోనీయుడవు కావని నిరూపింపుమని అతనిని కోరక, అమ్మోనీయుడవని మేము నిరూపింపజాలమని ఒప్పుకొనెను. 16వ శతాబ్ది తీర్పులు ఆ మార్గముననే నడచి, సందేహమును ఒక్క దినమున తీర్చు ఉపాయమును చూపినవి. కొచ్చిన్ పెద్దలును, 1962 నాటి ఆదేశమును ఆ భారమును మరల వధూవరులపై మోపిరి. యూదుల ధర్మశాస్త్రము ప్రవిష్టునికి సంకుచితమా, ఉదారమా యని అడుగువారు మొదట పరిశీలింపవలసినది శాస్త్రవాక్యమును కాదు. సందేహమువలన నష్టపోవువాడు ఎవడో దానిని. అమ్మోనీయుడైన యూదా తన ప్రశ్నకు సమాధానమును ఆ దినముననే పొందెను. కొచ్చిన్ విముక్తులకు సమాధానము వ్రాతలో వచ్చెను గాని, ఇంటివారి నోట వచ్చుటకు నాలుగు వందల యేండ్లు పట్టెను.